టీవీల జిజెల్ బాలే చూసినం, సగం అర్థం కాలె. ఎట్ల చూడాలె జర చెప్పుండ్రి

పానగల్ రోడ్:

అందరికి నమస్తే. నల్గొండ నుంచి రాస్తున్న. మా పాప ఏడో తరగతి, కూచిపూడి నేర్చుకుంటది, వాళ్ళ క్లాసుల ఎవరో పెద్దపిల్ల బాలే (యూరప్ దిక్కు స్టేజి నాట్యం) గురించి చెప్పిందట, ఇగ ఇంటికొచ్చినకాడ్నుంచి ఒకటే పోరు, బాలే చూడాలె బాలే చూడాలె అని. సరే అని లండన్ల రాయల్ బాలే కంపెనీ వాళ్ళ జిజెల్, 2016ల రికార్డ్ చేసింది, మరియనేలా నునెజ్, వదీమ్ ముంతగిరోవ్ చేసింది, హాల్ల టీవీకి పెట్టిన. ఆదివారం రాత్రి అన్నాలు తిని అందరం కూసున్నం, పాప, నేను, మా అత్తమ్మ, మా ఆయన. మా ఆయన పది నిమిషాలకే ఫోన్ల మునిగిండు, ఆయన ముచ్చట వదిలెయ్యుండ్రి.

కథ ముందే గూగుల్ల చదివిన కాబట్టి మోటుగ తెల్సు, ఊరిపిల్ల జిజెల్, పేరు మార్చుకొని మామూలు మనిషిలెక్క వచ్చిన జమీందార్ల పిల్లగాడు ఆల్బ్రెక్ట్, ఆయనకు ఆల్రెడీ పెద్దింటి పిల్లతోని లగ్గం ఖాయమై ఉంటది, ఆ సంగతి బయటపడంగనే జిజెల్‌కు మతి తప్పి చచ్చిపోతది, రెండో భాగంల దయ్యమై వస్తది. గింతవరకు ఓకే. కని చూస్తుంటె ఏమైతదంటె మొదటి భాగంల సగం సేపు డాన్సే లేదు, చేతులు ఊపుకుంట ఏదో చెప్పుకుంటుంటరు, ఒకకాడ అయితె జిజెల్ వాళ్ళమ్మ అందర్ని నిలబెట్టి మస్తు సేపు చేతులతోని ఏదో చెప్తది, మ్యూజిక్ కూడ భయం భయంగ మారుతది, ఊరోళ్ళంత బిత్తరపోయి చూస్తరు, మాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలె. పాప రిమోట్ తీస్కొని ఆపుడు, ఎనకకు జరుపుడు, మళ్ళ పెట్టుడు.

రెండో భాగంల తెల్లబట్టల ఆడోళ్ళు వస్తరు గదా, అందరు అదే గొప్ప అంటరు, మాకు టీవీల చూస్తె తెల్లతెల్లగ చిన్నచిన్నగ కనవడ్డరు, ఎప్పుడో ఒకసారి మొఖం దగ్గరకు తెస్తడు, ఇంకోసారి కాళ్ళు చూపిస్తడు. వాళ్ళు రెండు దిక్కులనుంచి ఒంటికాలు మీద కుప్పిగంతులు వేసుకుంట వస్తుంటె అక్కడ జనం ఒకటే చప్పట్లు. ఎందుకు? ఆ పిల్లగాడు గంతగనం ఎగిరితె కొట్టాలె గని దీనికెందుకు.

ఇంకోటి, ఇది నా డౌట్ కాదు మా అత్తమ్మ డౌట్. హిలారియన్ అని అడవి కావలోడు ఉంటడు, ఆ పిల్లంటె పానం, ఈ దొర దొంగతనం బయటపెట్టింది ఆయనే. ఆయన్నేమో దయ్యాలు చెరువుల తోసి చంపుతయి, మోసం చేసినోడేమో బతికి బయటపడ్తడు. ఇదేం న్యాయం అని రెండు రోజులసంది నన్ను అడుగుతనే ఉన్నది. మళ్ళొకసారి చూద్దామని పాప అంటుంది. చూడాల్నా, చూస్తె ఎట్ల చూడాలె? తెల్సినోళ్ళు చెప్పుండ్రి.

జడ్చర్ల జంక్షన్:

అక్కా డాన్స్ గురించి నాకు పెద్దగ తెల్వది, టీవీ గురించి తెల్సు. ముందుగాల మీ టీవీ సెట్టింగులల్ల పిక్చర్‌లకు పోయి మోషన్ స్మూతింగ్ ఆఫ్ చెయ్యుండ్రి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడ్తది, మోషన్ అన్న మాట ఏడనో ఓకాడ ఉంటది చూడుండ్రి. రెండు ఫ్రేముల నడుమ టీవీ తనంతట తాను ఇంకో ఫ్రేము పుట్టించి అతికిస్తది, క్రికెట్‌కు బాగనే ఉంటది గని పల్చటి తెల్లబట్ట గాలికి లేస్తుంటె దాని అంచులు పాలు విరిగినట్టు అయితయి, కాలు తిప్పితె దాని ఎంబడి ఒక నీడలెక్క వస్తది. మీకు తెల్లతెల్లగ కనవడ్డరు అన్నరు గదా, బ్రైట్‌నెస్ కూడ షోరూంల పెట్టినట్టు వివిడ్ మోడ్‌ల ఉంటది, దాన్ని సినిమా మోడ్‌కు మార్చుండ్రి, రెండో భాగం మొత్తం వెన్నెల చీకటి, వివిడ్‌ల పెడ్తె ఆ నీలం రంగు అంత పోయి ట్యూబ్‌లైట్ కింద ఆడినట్టు ఉంటది. హాల్ల లైట్లు కూడ బందు చెయ్యుండ్రి.

సౌండ్ బ్లూటూత్ స్పీకర్‌కు కనెక్ట్ చేసినరా? అట్లయితె సౌండ్ జరంత లేటుగ వస్తది. సినిమాల డైలాగుకు మూతి కలవకపోతె వెంటనే పట్టుకుంటం, డాన్సుల పట్టుకోలేం, కని దుంకి కిందికి దిగెటప్పుడు తాళం అప్పటికే అయిపోయినట్టు ఉంటది, ఎందుకో తెల్వకుండనే బోర్ కొడ్తది. వైరు పెట్టుండ్రి. మా తమ్మునికి ఇదే జరిగింది (వాడు చూసింది బాలే కాదు, సినిమా పాటలు).

ఇంక ఆ రిమోట్ పాప చేతులకెంచి గుంజుకోవాలె. గంతే.

గడియారం సెంటర్:

మన చిందు భాగవతం చూసెటోడు లేడు, ఒగ్గు కథ చెప్పుకునెటోల్లకు పిలుపులు లేవు, ఇంగ్లండోళ్ళ కుప్పిగంతులకు పైసలు కట్టి మరీ చూస్తున్నరా? పిల్లకు కూచిపూడి చాలదా?

జడ్చర్ల జంక్షన్:

అన్నా నువ్వు పోయినసారి చిందు భాగవతం ఎప్పుడు చూసినవో చెప్పు, తర్వాత మాట్లాడుకుందం.

మువ్వల సవ్వడి:

నమస్తే అమ్మా. నేను మిర్యాలగూడలో పిల్లలకు కూచిపూడి చెప్తాను. మీ పాప అడిగిందంటే మంచిదే, చూడనివ్వండి. ఒక నాట్యం నేర్చుకునే పిల్ల ఇంకో నాట్యం చూస్తే తన నాట్యం పోదు, తను చేసేది ఏందో ఇంకా బాగ తెలుస్తుంది.

మీకు అర్థం కాలేదన్న చేతుల భాషే ముందు చెప్తా. దాన్ని బాలేలో మైమ్ అంటారు. మన పాత నాట్య గ్రంథం అభినయ దర్పణంలో ఒంటిచేతి హస్తాలే 28, మళ్ళీ రెండు చేతులవి వేరే, ఒక్కో హస్తానికి బోలెడు వినియోగాలు. వాళ్ళకు అన్ని లేవు. గుప్పెడు సైగలు గుర్తుపడితే జిజెల్ మొత్తం గట్టెక్కుతుంది. రెండు చేతులు గుండె మీద పెడితే ప్రేమ. ఎడమచేతి ఉంగరం వేలు చూపిస్తే పెళ్ళి. రెండు వేళ్ళు పైకెత్తితే ఒట్టు. తల పైన రెండు చేతులు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నాట్యం. పిడికిళ్ళు బిగించి మణికట్ల దగ్గర అడ్డంగా కలిపి కిందికి దించితే చావు.

ఇప్పుడు వాళ్ళమ్మ, ఆమె పేరు బెర్త్, చెప్పిన ముచ్చట చూడండి. ఈ అడవిలో, రాత్రిపూట, గోరీలల్లకెంచి పెళ్ళికాకుండ చచ్చిపోయిన పిల్లలు లేస్తారు, రెక్కలుంటాయి, ఏ మగవాడు దొరికినా వాణ్ణి ఆడించి ఆడించి చంపుతారు, నువ్వు ఇట్లనే డాన్సు డాన్సు అని తిరిగితే నీ గతి అంతే. రెండో భాగం కథ మొత్తం ఆమె అక్కడ చెప్పేసింది! మ్యూజిక్ భయంగా మారింది అన్నారు కదా, ఆ సంగీతం రెండో భాగంలో విలీలదే, ఆ దయ్యాల పేరు విలీలు. సంగీతం కట్టినాయన ముందే రుచి చూపిస్తాడు. చాలా రష్యన్ ప్రొడక్షన్లలో ఈ సీన్ బాగా కుదించేస్తారు, మీరు చూసింది పీటర్ రైట్ 1985లో రాయల్ బాలేకు కట్టింది, అందులో ఈ మైమ్ ఉంచారు. మీకు దొరకడమే మంచిది దొరికింది.

ఇంకొకటి పాపకు చూపించండి. వేటకొచ్చిన పెద్దింటి పిల్ల బతిల్డ్ ఊర్లో కూర్చుని ఉంటే జిజెల్ ఆమె వెనక మోకాళ్ళ మీద చేరి ఆ గౌను అంచు మెల్లగా చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించుకుంటుంది. అట్లాంటి బట్ట ఎన్నడూ ముట్టుకోలేదు. బతిల్డ్ గమనించి ఏం పని చేస్తావు అని అడుగుతుంది, కుడతాను, ఒడుకుతాను అని చేతులతోనే చెప్తుంది, కాని నాకు నాట్యం ఇష్టం అంటుంది. బతిల్డ్ మెడలో గొలుసు తీసి ఇస్తుంది. ఇద్దరికీ ఒకే మనిషితో పెళ్ళి అని ఇద్దరికీ తెలియదు. ఆ అర నిమిషం అభినయం చేయగలిగిన పిల్లను నేను ఏ క్లాసులోనైనా ముందు వరసలో నిలబెడతా.

పానగల్ రోడ్:

మేడమ్ మీరు చెప్పినంక ఆ అమ్మ సీను మళ్ళ పెట్టి చూసినం, పాప పక్కన నిలబడి ఒక్కో సైగకు మాట చెప్పుకుంట పోయింది, మా అత్తమ్మకు ఫుల్ అర్థమైంది, ఆమె ఏమన్నదంటె ఇది మన కామిని దయ్యమే గదా అని. లగ్గం కాకముందు చచ్చిన పిల్ల కామినై తిరుగుతది, పడుచు పిల్లగాళ్ళను పట్టుకుంటది అని వాళ్ళ ఊర్ల చెప్పెటోళ్ళంట, అమాస పూట మర్రిచెట్టు కిందికెంచి పోనిచ్చెటోళ్ళు కాదంట. ఇక ఇప్పుడు ఆమెనే అడుగుతుంది రెండోది ఎప్పుడు పెడ్తవు అని. కరెంటు పోయింది లేకపోతె రాత్రే చూసెటోళ్ళం.

మా ఆయన మాత్రం మళ్ళ ఫోనే.

లండన్ల నల్గొండోడు:

అక్కా నేను నకిరేకల్ దిక్కు, ఇక్కడ ఉద్యోగం. జిజెల్ స్టేజి మీద చూసిన, పై బాల్కనీల చీప్ టికెట్‌ల నిలబడి. మీరు అడిగిన ఒంటికాలు గంతుల గురించి నేను చెప్తా, ఎందుకంటె అది పైనుంచి చూసినోనికే బాగ తెలుస్తది.

అది అరబెస్క్. ఒక కాలు మీద నిలబడి ఇంకో కాలు ఎనకకు తిన్నగ లేపి, ఒళ్ళు ముందుకు వంచి, అట్లనే ఎగురుకుంట ముంగటికి పోవుడు. ఒక్కరు చేస్తె ఏం లేదు, నిజం చెప్పాలంటె ఒక్కరు చేస్తె కొంచెం నవ్వొస్తది. కని అటు దిక్కు నుంచి ఒక గుంపు, ఇటు దిక్కు నుంచి ఒక గుంపు, ఎదురెదురుగ వచ్చి ఒకళ్ళ సందుల నుంచి ఒకళ్ళు దూరి అటుదిటు ఇటుదటు అయితరు, ఒక్కరి బట్ట ఒక్కరికి తగలది, ఎనక లేపిన కాళ్ళన్ని ఒక్క ఎత్తుల ఉంటయి. పైనుంచి చూస్తె మొత్తం స్టేజి నేసిన బట్టలెక్క కనవడ్తది. కాళ్ళు ఎంత మండుతయో చెయ్యమంటె తెలుస్తది, పాపను హాల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాక ఒంటికాలు మీద ఎనక కాలు దించకుండ పొమ్మనుండ్రి. హీరో దుంకితె అది ఒకని బలం. ఇది ఇంతమంది పిల్లలు ఒకే ఊపిరి పీల్చుకున్నట్టు, అందుకే చప్పట్లు.

రికార్డింగుల కష్టం ఇక్కడనే అక్కా. కెమెరా పెట్టెటోనికి మొఖం చూపియ్యాలని ఆశ. మొదటి భాగంల అది మంచిదే, పై బాల్కనీల నాకు ఆ గౌను ముట్టుకునే సీను కనవడనే లేదు, రికార్డింగులనే చూసిన. మతి తప్పే సీను కూడ అంతే, జుట్టు ఊడిపోయి, ఇందాక ఇద్దరు కల్సి పువ్వు రేకులు తెంపుతరు గదా నన్ను ప్రేమిస్తడు ప్రేమించడు అని, ఆ పువ్వు లేకుండనే మళ్ళ ఆ రేకులు తెంపుతది, ఆర్కెస్ట్రాల అప్పటి పాటనే ముక్కలుముక్కలుగ వస్తది, ఇట్లాంటియన్ని దగ్గర్నుంచే చూడాలె. కని రెండో భాగంల దగ్గరకు తెస్తె పాడు. అది గుంపు బొమ్మ, దూరం నుంచే చూడాలె. మీరు టీవీకి మరీ ఎనక కూసుంటె తెల్లమచ్చలే కనవడ్తయి, రెండో భాగానికి కుర్సీలు టీవీ ముంగటికి జరుపుకోండి.

మిర్తా అని విలీల రాణి వచ్చెటప్పుడు పాదాలే చూడుండ్రి. వేళ్ళ మొనల మీద సన్నసన్న అడుగులు వేసుకుంట స్టేజి ఈ కొసనుంచి ఆ కొస దాక పోతది, నడుము పైన ఒళ్ళు ఏమాత్రం ఊగది, చక్రాల మీద పోతున్నట్టు. దాన్ని బూరే అంటరు. దయ్యం అంటె ఏందో ఆ అడుగుతోని చెప్పేసిన్రు, మేకప్ అక్కర్లే.

ఇది ఎప్పటిది అనుకున్నరు? 1841 జూన్ 28న పారిస్ ఒపేరాల మొదలుసారి ఆడిన్రు. జిజెల్‌గ కార్లొట్టా గ్రిసి. మ్యూజిక్ అడాల్ఫ్ ఆడమ్. కథ థియోఫిల్ గోటియే అని కవి, జర్నలిస్టు, ఆయన జర్మన్ కవి హైనే పుస్తకంల ఈ విలీల ముచ్చట చదివి ఇది బాలేకు పనికొస్తది అనుకున్నడట. అప్పుడు స్టేజికి గ్యాస్ దీపాలు ఉండె, వాటిని తగ్గించి పెంచి వెన్నెల తెచ్చెటోళ్ళు. మోకాళ్ళ కిందికి దిగిన ఆ తెల్ల పల్చటి గౌన్లు ఆ వెలుతురుకే పుట్టినయి అనుకోండి. గ్యాస్ మంటలు, పల్చటి బట్టలు, ఎంత ప్రమాదమో చూడుండ్రి. 1862ల ఎమ్మా లివ్రి అనే పిల్ల రిహార్సల్‌ల గౌనుకు మంట అంటుకొని కాలిపోయింది, నెలల తరబడి తిప్పలు పడి మరుసటేడు చచ్చిపోయింది, 20 ఏండ్ల పిల్ల. మంట అంటని మందు పూసిన బట్ట అప్పటికే ఉండె, అది పూస్తె గౌను గట్టిగయి మురికిగ కనవడ్తది అని ఆ పిల్లనే వద్దన్నది. ఆ తెల్లదనం గురించి చదివినప్పుడల్ల నాకు ఇది యాదికొస్తది.

పారిస్‌ల 1868 తర్వాత జిజెల్ ఆడుడే బందు పెట్టిన్రు. రష్యాల మారియుస్ పెటిపా అనే డాన్స్ మాస్టర్ దాన్ని మళ్ళమళ్ళ దిద్ది నిలబెట్టిండు, ఇప్పుడు మనం చూసేది చాలావరకు ఆయన చెయ్యి పడ్డదే. 1910ల ద్యాగిలేవ్ అనే రష్యనాయన బాలే కంపెనీ దాన్ని మళ్ళ పారిస్‌కు మోసుకొచ్చింది. పారిస్‌ల పుట్టి పారిస్ మర్చిపోయిన బాలే అన్నట్టు.

పానగల్ రోడ్:

తమ్మీ మీరు మస్తు రాసిన్రు. కుర్సీలు జరుపుకొని చూసినం, జడ్చర్ల అన్న చెప్పిన సెట్టింగ్ కూడ మార్చినం (మా దాంట్ల అది వేరే పేరుతోని ఉండె, దొర్కినాక చానా తేడా తెల్సింది). ఆ గుంపు దాటుకునే సీనుకు పాప ఊపిరి బిగవట్టుకొని చూసింది, అయిపోంగనే హాల్ల ఒంటికాలు మీద మొదలుపెట్టింది, సోఫా కాడికే పోయి కూలబడ్డది.

కని మా అత్తమ్మ మాత్రం ఒప్పుకుంటలేదు. ఆమె మాట ఆమె మాటల్లనే రాస్తున్న: "ఉన్నోని కొడుకు బతికిండు, లేనోడు చచ్చిండు. దయ్యాలు కూడ దొర దిక్కేనాయె." దీనికి ఎవరన్న జవాబు చెప్పుండ్రి, నావల్ల కాదు.

పాలమూరు పోరడు:

మీ అత్తమ్మకు దండం పెట్టాలె అక్కా. చానామంది క్రిటిక్స్ తిప్పితిప్పి రాసేది ఆమె ఒక్క ముక్కల చెప్పింది.

ఇంకో సంగతి చెప్తా, ఆమెకు ఇంకా కోపమొస్తది. 1841ల రాసుకున్న అసలు ముగింపు ఇంకా ఘోరం. తెల్లారంగనే జిజెల్ గోరీలకు పోతుంటె చివరకు బతిల్డ్, ఆమె ఎంబడి వచ్చినోళ్ళు అక్కడికి చేరుకుంటరు, ఈ పిల్లనే ఆల్బ్రెక్ట్‌ను బతిల్డ్ దిక్కు చూపించి పో అంటది. ఆయన ఆమె దిక్కు చెయ్యి చాపుతడు. అంటె పాణం పోయింది ఊరిపిల్లది, లగ్గం మాత్రం ఖాయం చేసుకున్నదే నడుస్తది. తర్వాత ప్రొడక్షన్లల్ల ఆ ముక్క తీసేసి ఆయన్ను ఒంటరిగ నిలబెట్టుడు అలవాటైంది, మీరు చూసిందాంట్ల కూడ అంతే గదా. అది కొంచెమన్న నయం.

ఆల్బ్రెక్ట్‌ను దయ్యాలు వదిలిపెట్టలేదు అక్కా, అది మాత్రం అత్తమ్మకు చెప్పుండ్రి. మిర్తా ఆయన్ను కూడ చంపమనే అన్నది. జిజెల్ అడ్డం నిలబడి తన గోరీ మీది సిలువ కాడికి తీస్కపోయింది, సిలువ ముంగట మిర్తా చేతిల మంత్రపు కొమ్మ విరిగిపోతది, అక్కడ ఆమె పెత్తనం నడ్వలె. అందుకని జిజెల్‌ను ఆడమంటది, ఆ పిల్ల ఆడుతుంటె ఈయన సిలువ వదిలి రాకతప్పదు గదా, అదే ఎత్తు. అప్పుడు తెల్లారి గుడి గంట కొట్టేదాక ఆ పిల్ల ఆయనకు బదులు ఆడి కాలం గడుపుతది. హిలారియన్‌కు అట్ల అడ్డం నిలబడెటోళ్ళు ఎవ్వరు లేరు. ఆయన తప్పు అది ఒక్కటే.

నాకు ఎక్కింది మాత్రం అక్రమ్ ఖాన్ చేసిన జిజెల్. 2016ల ఇంగ్లిష్ నేషనల్ బాలేకు చేసిండు. ఆయన మన దిక్కు నాట్యం తెల్సినోడు, కథక్ నేర్చినోడు, అమ్మానాయినలు బంగ్లాదేశ్ నుంచి పోయినోళ్ళు. దాంట్ల ఊరు, ద్రాక్షతోట లేవు. బట్టల ఫ్యాక్టరీ మూతబడి రోడ్డున పడ్డ వలస కూలీలు, ఒక పెద్ద గోడ, గోడకు అవతల దొరలు. మేడమ్ చెప్పిన గౌను సీను యాదికున్నదా? ఇక్కడ ఆ దొరసాని తొడుక్కున్నది తనలాంటోళ్ళు కుట్టిన బట్టే, జిజెల్‌కు అది చూడంగనే తెలుస్తది. నాకైతె అక్కడ గుండె కలుక్కుమన్నది. మాది పాలమూరు, మా తాత ముంబైల బిల్డింగులు కట్టిన మేస్త్రీ కింద పన్జేసిండు, ఆ బిల్డింగులల్ల అడుగుపెట్టనియ్యలె. హిలారియన్ కూడ ఇందుల అమాయకుడు కాదు, కూలీలకు దొరలకు నడుమ ఉండి రెండు దిక్కుల తినెటోడు, మనకాడ కూడ ఉంటరు గసొంటోళ్ళు, కూలోళ్ళను బండ్లెక్కించి కమీషన్ తీసుకునెటోళ్ళు. విలీలు ఫ్యాక్టరీల చచ్చినోళ్ళు, చేతులల్ల పొడుగు కట్టెలు పట్టుకొని వస్తరు. దాన్ని ముందుగాల చూడకుండ్రి, పాతది మంచిగ ఎక్కినంక చూస్తేనే దెబ్బ తగుల్తది.

లండన్ల నల్గొండోడు:

తమ్మీ నువ్వు చెప్పింది కరెక్టే కని ఆల్బ్రెక్ట్‌ను ఒట్టి మోసగానిగ చూస్తె రెండో భాగం నిలబడది. అది చేసెటోని మీద ఉంటది. కొందరు ముందునుంచి నిజంగనే ప్రేమించినట్టు చేస్తరు, కొందరు ఆటగ మొదలుపెట్టి గోరీ కాడ బుద్ధొచ్చినట్టు చేస్తరు. ఒకే అడుగులు, రెండు మనుషులు. అక్కా మీరు వేరే జంటను చూడాలనుకుంటె ఇదే ప్రొడక్షన్ 2014 రికార్డింగ్ ఉన్నది, నటాలియా ఓసిపోవా, కార్లోస్ అకోస్టా. ఓసిపోవా దుంకితె కిందికి దిగుడు మర్చిపోయినట్టు ఉంటది, దయ్యమంటె దయ్యమే. నునెజ్ వేరు, ఆమెకు ప్రతి అడుగు మీద ప్రేమ. రెండు చూసినంక మాట్లాడుకుందం.

పాలమూరు పోరడు:

అన్నా ప్రేమించినోడు పేరెందుకు మార్చుకున్నడు, కత్తి గుడిసెల ఎందుకు దాచిండు. నేనైతె అత్తమ్మ దిక్కే.

గడియారం సెంటర్:

చదివిన మొత్తం. నేను చూడను కని ఆ ముసలమ్మ మాట మాత్రం బాగున్నది.

మువ్వల సవ్వడి:

రెండు మాటలు చెప్పి ఆపుతా, క్లాసుంది.

పాపకు ఒకటి గమనించమనండి. మన నాట్యంలో అరమండి (మోకాళ్ళు పక్కలకు మడిచి సగం కూర్చున్నట్టు) పట్టి పాదంతో నేలను కొడతాం, మువ్వ మోగాలి, భూమి పలకాలి. వాళ్ళు భూమిని వదిలిపెట్టి పోవాలని చూస్తారు, చప్పుడు వినపడితే తప్పు. ఏది గొప్ప అని కాదు. నా విద్యార్థులకు విలీల సీన్ సౌండ్ ఆపేసి ఒకసారి, సౌండ్ పెట్టి ఒకసారి చూపించాను, సౌండ్ లేనప్పుడు వాళ్ళు ఆ పిల్లల మోకాళ్ళు ఎట్ల మడుస్తున్నారో పట్టుకున్నారు. దుంకే ముందు మోకాలు మడవటం, దిగేటప్పుడు మళ్ళీ మడవటం, చప్పుడు లేకపోవడం అంతా అక్కడే ఉంది. ఇంకొక సంగతి, 1841లో గ్రిసి వేసుకున్నవి ఇప్పటి గట్టి షూ కాదు, మెత్తటి శాటిన్ చెప్పుల్లాంటివి, మొనల దగ్గర దారంతో కుట్టుకునేవాళ్ళు అంతే. వేళ్ళ మీద నిలబడింది ఎక్కువగా సొంత పాదాల బలంతోనే.

రెండో భాగంలో ఇద్దరూ కలిసి చేసే నెమ్మది నాట్యం వచ్చినప్పుడు వెనక ఒక వాయిద్యం ఒంటరిగా పాడుతుంది, వయొలిన్ అనుకుంటారు, అది వయోలా, వయొలిన్ కన్నా కొంచెం కింది గొంతు. కళ్ళు మూసుకుని అది వినమనండి, తర్వాత చూడమనండి.

ఇక మతి తప్పే సీన్ గురించి. పీటర్ రైట్ ప్రొడక్షన్‌లో జిజెల్ ఆల్బ్రెక్ట్ కత్తితో తనను తానే పొడుచుకుంటుంది, వేరేవాళ్ళ దాంట్లో గుండె ఆగి చనిపోతుంది. రైట్ లెక్క ఏంటంటే, ఆత్మహత్య చేసుకుంటేనే కదా చర్చి పక్కన కాకుండా అడవిలో పాతిపెట్టేది. ఏడో తరగతి పిల్ల కాబట్టి అది చూసాక ఒక్కదాన్నే వదిలేయకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. మా దగ్గర ఒక పిల్ల ఆ రాత్రి వాళ్ళమ్మను, ఆమె ఎందుకు వాణ్ణి కొట్టలేదు అని అడిగిందట.

పానగల్ రోడ్:

మేడమ్ మా పాప కూడ అదే అడిగింది, వాళ్ళ నానమ్మను. ఆ జవాబు ఇక్కడ రాయలేను, ఆల్బ్రెక్ట్‌కు మర్యాద ఉండది.

2014ది రాయల్ బాలే వాళ్ళ సొంత స్ట్రీమింగ్‌ల దొరుకుతదా తమ్మీ, లేకపోతె డిస్క్ కొనాల్నా? మాకు డిస్క్ ప్లేయర్ లేదు.

లండన్ల నల్గొండోడు:

వాళ్ళ స్ట్రీమింగ్‌ల ఏది ఎప్పుడు ఉంటదో మారుతుంటది అక్కా, పైసలు కట్టకముందే సర్చ్‌ల జిజెల్ అని కొట్టి చూడుండ్రి, పేర్లు కింద ఉంటయి. ఫ్రీగ కావాల్నంటె వాళ్ళ యూట్యూబ్ ఛానెల్‌ల ముక్కలు ఉంటయి, రిహార్సల్స్ కూడ. ఏటా వరల్డ్ బాలే డే నాడు పొద్దుటి క్లాసు లైవ్ పెడ్తరు, పాపకు ఫుల్ షో కన్న అదే ఎక్కువ పనికొస్తది, చెమటలు కార్చుకుంట బార్ (గోడ పొంట ఉండే కడ్డీ) పట్టుకొని రోజూ అవే అడుగులు వేస్తుంటరు.

జడ్చర్ల జంక్షన్:

టీవీల యాప్ రాకపోతె ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ వైరు పెట్టుండ్రి అక్కా, ఫోన్‌ల నుంచి కాస్టింగ్ మాత్రం వద్దు, నడుమనడుమ ఆగుతది. మీ ఆయన ఫోన్ ఎట్లయిన ఖాళీగ ఉండది గదా.